సన్యాసమ్మ గొంతుకు యోగ్యతాపత్రం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకొంచెం. ఆ గోడ వార కూర్చుంటే మీకే నష్టం. నా నోట్లో మూడంటే మూడు పళ్లు కాపలా ఉన్నాయి, వాటి సందుల్లోంచి సగం మాటలు దారి తప్పిపోతుంటాయి. చదువంటారా, బడి గుమ్మం దాకా వెళ్లాను, లోపల బెత్తం కనబడితే అట్నుంచి అటే వచ్చేశాను. ఒత్తులుండాల్సిన చోట నాకు ఒత్తులుండవు. అయినా ఈ కథ నేనే చెప్పాలి. గుర్రాలవలస సంతలో కుండలమ్మే సన్యాసమ్మ ఎంత గొప్పల పోతో, ఎంత తెలివితక్కువదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

సన్యాసమ్మది కుమ్మరిల్లు. సారె తిప్పేది మొగుడు, ఆవం కాల్చేది కొడుకు, నోరు పెట్టుకుని అమ్మేది ఆమె. గురువారం వచ్చిందంటే పశువుల సంతకీ ఎండుచేపల వరసకీ మధ్య ఉన్న కుండల వరసలో గడ్డి పరిచి, దాకలు, మూకుళ్లు, పిడతలు, గూనలు బోర్లించి, నడుమ గొంతుక్కూర్చుని కేక పెట్టేది.

"దాకలమ్మా దాకలు! పిడతలూ మూకుళ్లూ! ఏలితో కొట్టి సూసుకోండి! కంగుమనకపోతే నా నెత్తిన బద్దలు కొట్టండి!"

నలభై ఏళ్లుగా అదే చోటు, అదే కేక. ఆ కేకకి ఒక ప్రత్యేకత ఉంది. మా వైపు ఆడవాళ్లు చుట్ట తాగే తీరు వేరు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చల్లటి కొసని బయటికి వదులుతారు. గాలికి నిప్పు ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. దాన్నే అడ్డపొగ అంటారు. నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడాలంటే నాలుక ఎక్కడా తగలకూడదు. అందుకని సన్యాసమ్మ 'దాక' అంటే 'హాహ' అన్నట్టుండేది. 'మూకుడు' అంటే దూరంగా ఎక్కడో దున్నపోతు మూలిగినట్టుండేది. కొనేవాళ్లకి ఎదురుగా కుండలు కనబడుతూనే ఉండేవి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆ కేక కోసమే వచ్చే మనిషి ఒకావిడ ఉంది. సన్యాసమ్మ అప్ప, అంటే అక్క, అసిరమ్మ. కొండ దిగువ ఊరికి కోడలిగా వెళ్లింది. గురువారం గురువారం పసుపు కొమ్ములూ చింతపండూ మూట కట్టుకుని ఆటోలో సంతకి వస్తుంది. చెల్లెలి పక్కన కూర్చుని అవి అమ్ముకుని, వారం రోజుల కబుర్లు ఒక్క పూటలో చెప్పుకుని వెళుతుంది. అక్కాచెల్లెళ్లు కలిసేది ఆ ఒక్క రోజే. నాలుగేళ్లుగా అసిరమ్మ కళ్లకి మబ్బు కమ్మింది. ఆటో దిగి, కర్ర తాటించుకుంటూ, చెల్లెలి కేక ఎటు నుంచి వస్తే అటు నడిచేది. చేపల కంపుకి కుడివైపు తిరిగి, ఆ 'హాహ' అనే గొంతు పట్టుకుని, సరిగ్గా గూన పక్కకొచ్చి చతికిలబడేది.

"ఓలె సన్నేసీ, మూడూళ్లకి ఇనపడతన్నాదే నీ నోరు!" అనేది.

"ఆ నోరు నేకపోతే నువ్వు ఎద్దుల్లో కూకుండిపోదువు," అనేది సన్యాసమ్మ.

బాగానే సాగుతున్న ఈ వ్యవహారంలోకి ఒకనాడు జీపు వచ్చింది.

పట్నంలో ఎవరో పెద్దాయన మనవరాలు 'దాక అంటే ఏమిటి తాతయ్యా' అని అడిగిందట. ఆయన కళ్లు చెమర్చాయట. పెద్దవాళ్ల కళ్లు చెమరిస్తే ఊరికే పోదు, ఒక ఆఫీసు పుడుతుంది. ప్రాచీన ప్రాంతీయ పద పరిరక్షణ ప్రాధికార సంస్థ అని పేరు పెట్టారు. దాని పేరు సరిగ్గా పలకడానికే మా వాళ్లకి ఒక ఏడాది శిక్షణ కావాలి. అందుకని అందరం మాటల ఆపీసు అనేవాళ్లం. దానికి సంచాలకుడు త్రివిక్రమరావు గారు. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ, తెల్లటి జుట్టు. నడిచొస్తుంటే సున్నం వేసిన గోడ నడిచొచ్చినట్టుంటాడు.

"తల్లీ! మీ జిహ్వాగ్రమున నిలిచిన పద నిధిని భావి తరములకై భద్రపరచుటకు విచ్చేసితిమి," అన్నాడు కుండల ముందు నిలబడి.

సన్యాసమ్మ ఆయన్ని కిందనించి పైదాకా చూసింది. "సరే బాబూ, ఏటి కొంతారు? దాకా, పిడతా?"

"ఆహా!" అన్నాడు ఆయన. వెనకున్న వాళ్లు రాసుకున్నారు.

ఆ 'ఆహా' దగ్గరే సన్యాసమ్మ కాలు జారింది. నలభై ఏళ్ల కాపురంలో మొగుడు ఒక్కసారి కూడా ఆహా అని ఎరగడు. అంబలి బావుంటే తాగేసేవాడు, బాగాలేకపోతే తాగేసి లేచిపోయేవాడు. ఈయన ఒట్టి 'దాక' అంటేనే ఆహా అంటున్నాడు.

ఒక యంత్రం ఆమె నోటి ముందు పెట్టారు. అప్పుడు ఆమె అడిగింది. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది. "సుట్ట తీసీమంటారా బాబూ? నోట్లో నిప్పున్నాది," అని అడిగింది.

"ఏదియు తీయవలదు! ఏదియు చేర్చవలదు! యథాతథము! అదియే మా సంస్థ మూలమంత్రము!" అని త్రివిక్రమరావు గారు చెవులకి తొడుగులు తగిలించుకుని, తన్మయత్వంతో కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న గుమాస్తా రిజిస్టరులో 'వక్త స్థితి: యథాతథం' అని రాసుకున్నాడు.

సన్యాసమ్మ చెప్పింది. కుండల మాటలు చెప్పింది, కళ్లం మాటలు చెప్పింది, పురిటి మాటలు చెప్పింది, తిట్లు చెప్పింది. తిట్లకి రెండేసి ఆహాలు వచ్చాయి. మూడొందల మాటల దగ్గర సరుకు అయిపోయింది. ఆహాలు మాత్రం అయిపోలేదు. ఎదటివాడు అంతగా మెచ్చుకుంటుంటే ఇంక లేవని ఎలా చెబుతుంది? గొప్పల మనిషి కదా. మరో తొమ్మిది మాటలు అక్కడికక్కడ సారె మీద పెట్టి తిప్పి తీసింది.

"కొరుంబి," అంది.

"కొరుంబి! అర్థము తల్లీ?"

"అత్త సూడకుండా కోడలు గబుక్కున తినీసిన ముద్ద, బాబూ."

త్రివిక్రమరావు గారి మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. సన్యాసమ్మ కళ్లలోనూ నీళ్లే, కాకపోతే అవి పొగకి.

జీపు వెళ్లిపోయింది. ఆరు నెలలకి ఆ గొంతు ఇంత పెద్దదై తిరిగొచ్చింది. సన్యాసమ్మ పలికినదే ప్రామాణిక ఉచ్చారణ అని సంస్థ ఖరారు చేసింది. నాలుక ఎక్కడా తగలకుండా, లోపల్నుంచి ఆవిరి తన్నుకొస్తున్నట్టుండే ఆ పలుకు ప్రపంచంలో మరే భాషలోనూ లేదనీ, దానికి 'అంతర్బాష్పోచ్చారణ' అని నామకరణం చేశామనీ త్రివిక్రమరావు గారు సభల్లో ప్రకటించారు. బళ్లలో పాఠం పెట్టారు. పిల్లలకి ఎంత చెప్పినా నాలుక తగిలేస్తోంది. చివరికి ఒక పంతులమ్మ ఉపాయం కనిపెట్టింది, ఉడుకుడుకు చిలగడదుంప ముక్క నోట్లో పెట్టి 'దాక' అనమంటే అచ్చం ప్రామాణికంగా వస్తుందని. ఆ ఏడు మా జిల్లాలో చిలగడదుంపలు దొరకలేదు. ఏ ఇంటి ముందు నుంచి వెళ్లినా పిల్లలు హాహ, హాహ అంటూ ఉఫ్‌మని ఊదుకుంటుండేవారు. 'కొరుంబి - మన సంస్కృతి' అని వ్యాసరచన పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన పిల్ల, కొరుంబి వెయ్యేళ్ల నాటిదని నిరూపించింది.

సన్యాసమ్మ సంగతి చెప్పాలా? నేల మీద కాలు పెట్టి నడిస్తే ఒట్టు. "నా నోరే పొస్తకమైపోనాది," అని చేపల వరసలో, పశువుల వరసలో, పోలీసు స్టేషన్లో కూడా చెప్పుకుంది.

ఆ గొప్ప మధ్యలోనే అసిరమ్మ కంటికి ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పితే ఏమీ కనబడలేదు. "తొందరపడకమ్మా, ఏడాది ఆగాలి, మెల్లగా నీడలు తెలియొచ్చు," అన్నాడు డాక్టరు. ఆ మాటకి సన్యాసమ్మ నూకాలమ్మ గుడికి వెళ్లి, తలంటుకుని, తడి బట్టతో నిలబడి మొక్కింది. 'తల్లీ, మా అప్పకి చారెడు వెలుతురు కనబడేదాకా నేను చుట్ట ముట్టను' అని. నలభై ఏళ్ల చుట్ట. మొదటి వారం ఆమెకి ఇల్లంతా తిరిగినట్టుండేది. మూడో వారం నుంచి నాలుక మళ్లీ అంగిలికి తగలడం మొదలుపెట్టింది. గొంతు పల్చనైంది, అక్షరాలు గింజల్లా విడివిడిగా రాలాయి.

"నీ గొంతు పిల్లగుంట గొంతులాగ అయిపోనాదే," అని నవ్వింది అసిరమ్మ. "బాగున్నాది. నా కళ్లకోసం నువ్వు సుట్ట ఒగ్గేసినావని మా ఊరంతా సెప్పినాను. మళ్లీ ఎట్టినావంటే సూడు, నానీ సంతకి రాను."

అప్పుడు వచ్చింది కొత్త నిబంధన.

మాటలు కనిపెట్టడం, భద్రపరచడం అయింది. ఇక మిగిలింది కాపాడటం. ఎవరి నుంచి? వాడేవాళ్ల నుంచి. అది సంతలో మైకు పెట్టి మరీ చెప్పాడు మాటల ఆపీసు తనిఖీదారు లింగమూర్తి. ఆ లింగమూర్తి పక్క ఊరి వాడే. అతని పెళ్లికి ఐరేని కుండలు పంపింది సన్యాసమ్మే.

"సంరక్షిత పదములను అనర్హులు యథేచ్ఛగా ఉచ్చరించుట వలన అవి అరుగుదలకు లోనగుచున్నట్లు సంస్థ గమనించినది. కావున ఇకపై ఉచ్చారణ యోగ్యతాపత్రము లేనివారు సంత ఆవరణలో సదరు పదములను వాడరాదు. వాడినచో సంతలో వారి చోటు ఒక సంవత్సరము రద్దగును," అని చదివి, కాగితం మడిచి, మామూలు గొంతుతో "అత్తా, కోపమొద్దే. పైనించి వొచ్చినాది," అన్నాడు.

యోగ్యతాపత్రం లేనివాళ్ల కోసం వేరే మాటల జాబితా ఇచ్చారు. దాక అనకూడదు. 'వెడల్పు మూతి మృణ్మయ పాకపాత్ర, చిన్నది' అనాలి. ఆ రోజు ఒక ఇల్లాలు వచ్చి పావుగంట సన్యాసమ్మ ముందు నిలబడింది.

"ఎడల్పు మూతి... మృ... మృ... ఓలమ్మ! అదే, పులుసొండుకున్నది, అదియ్యి!"

"పులుసు కూడా జాబితాలో ఉన్నాదమ్మా," అన్నాడు లింగమూర్తి వినయంగా.

దాంతో సంత మూగబోయింది. పశువుల బేరగాళ్లకి మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఇప్పుడు వంకాయలకీ తువ్వాలే, ఎండు మెత్తళ్లకీ తువ్వాలే. మాట లేదు, కేక లేదు. తిట్టాలన్నా తువ్వాలు కిందే తిట్టుకోవాలి. సంస్థ వారు ఆ నెల నివేదికలో 'పదముల అరుగుదల శూన్యము' అని రాసుకుని ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారని విన్నాను.

మరి అసిరమ్మ?

మొదటి గురువారం ఆమె ఆటో దిగి నిలబడి చెవి ఒగ్గింది. ఎటునుంచీ చెల్లెలి కేక రాలేదు. పేరు పెట్టి పిలుద్దామంటే 'అప్ప' కూడా జాబితాలోనే ఉంది. సన్యాసమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఒక దాక తీసుకుని వేలితో కొట్టింది, కంగుమని. ఆ చప్పుడు వింటుందని. పక్కనున్న ఎర్రయ్యకి ఈ ఉపాయం నచ్చింది. కొనేవాళ్లని పిలవడానికి అతనూ కొట్టాడు. వరసలో ఉన్న పన్నెండు మందీ కొట్టారు. అసిరమ్మ సంత నడుమ నిలబడి అటూ ఇటూ తిరిగింది.

"ఓలమ్మ, ఈ కుండలకేటొచ్చినాదీ యేళ!" అనుకుంటూ కర్ర తాటించుకుంటూ వెళ్లి చేపల గంపల మధ్య కూర్చుంది. సన్యాసమ్మ కుండలన్నీ ఎర్రయ్యకి అప్పగించి వెళ్లి పట్టుకొచ్చేసరికి పొద్దు వాలింది. కబుర్లు సగంలో ఉండగానే ఆటోవాడు హారన్ కొట్టాడు.

"పరిచ్చ రాసీసి ఆ కాయితమేదో తెచ్చీసుకుంటాను అప్పా," అంది సన్యాసమ్మ ఆమె చెవిలో. "నా మాటల్లో నన్ను తప్పించినోడెవడు?"

చూశారా గొప్ప! వెళ్లింది. మండలాఫీసు గదిలో బల్ల వెనక లింగమూర్తి, పక్కన ఒక యంత్రం. గోడ మీద 'పొగ త్రాగరాదు' అని ఎర్రక్షరాల బోర్డు.

"పరీక్షార్థి పేరు?"

"నీకు తెల్దేటి?"

"పరీక్షార్థి ఎదురు ప్రశ్న వేయరాదు, అత్తా. ఈ ముక్క పలుకు: దాక."

"దాక," అంది సన్యాసమ్మ, నాలుక నిండా.

యంత్రం ఎర్రదీపం వెలిగించింది.

"పిడత." ఎర్రదీపం. "గూన." ఎర్రదీపం. ఆమె గట్టిగా అంది, మెల్లగా అంది, బతిమాలి అంది. దీపం ఎర్రగానే ఉంది. చివరికి లింగమూర్తి కాగితం చూసి, "కొరుంబి. అర్థం కూడా సెప్పాల," అన్నాడు.

సన్యాసమ్మ బుర్ర గోక్కుంది. తొమ్మిది మాటలు కల్పించింది కదా, అందులో ఇది ఏదో గుర్తు లేదు. "కొరుంబంటే... అదొక కూర కాదూ?"

"నూటికి పదకొండు," అన్నాడు లింగమూర్తి. ఆ పదకొండూ పేరు సరిగ్గా చెప్పినందుకు.

ఒప్పయిన ఉచ్చారణ ఎలా ఉంటుందో వినమని యంత్రం మీట నొక్కాడు. అందులోంచి 'హాహ' అని వినిపించింది.

"ఓలి నాయనో!" అంది సన్యాసమ్మ. "అది నాను గదా! నోట్లో సుట్ట ఉన్నాది గదా ఆయేళ! తీసీమంటారా అంటే, వొద్దన్నాడు మీ తెల్ల బాబు!"

లింగమూర్తి లేచి రిజిస్టరు తెచ్చి చూశాడు. "యథాతథం అనీసి రాసున్నాదత్తా. సుట్ట అని నేదు. రిజిస్టర్లో నేకపోతే జరగనట్టే." తర్వాత గొంతు తగ్గించి, "మరొక్కపాలి సుట్ట ఎట్టుకుని పలికీ. పచ్చదీపమెలుగుతాది. బోర్డుకి నాను తువ్వాలు కప్పుతాను," అన్నాడు.

సన్యాసమ్మ ఆ తువ్వాలు వంక చూసింది. ఒక్క చుట్ట. రెండు దమ్ములు. కాగితం చేతికొస్తుంది, గురువారం కేక పెట్టొచ్చు, అప్ప దారి తప్పదు. కానీ మొక్కు? అప్ప ఈ గొంతు విని దగ్గరికి వచ్చినా, ఆ కళ్లలోకి ఇక వెలుతురు రాకపోతే?

"అప్ప నన్ను ఎతుక్కోడానికి అప్ప కళ్లే తాకట్టెట్టమంతావా లింగమూర్తీ?" అని లేచి వచ్చేసింది.

ఆ వచ్చే గురువారం సంత గేటు దగ్గర కొత్త స్తంభం పాతి ఉంది. దాని నెత్తిన గరాటు లాంటి మైకు. త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చారు.

"ఇకపై విక్రేతలు శ్రమపడి అపభ్రంశముగా అరవనక్కరలేదు," అని ప్రకటించారు. "ప్రామాణిక ధ్వని స్వయముగా సంతను పాలించును!" అని మీట నొక్కారు.

"హాహ... హిహహ... ఊహుహు..." అని స్తంభం మీంచి సన్యాసమ్మ నలభై ఏళ్ల చుట్ట గొంతు సంతంతా పాకింది. ఎడ్లు చెవులు నిక్కబొడిచాయి.

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. అసిరమ్మ దిగింది. చెవి ఒగ్గింది. మొహం విప్పారింది, మరుక్షణమే ముడుచుకుంది. కుండల వరస వైపు రాలేదు, కర్ర తాటించుకుంటూ గబగబా స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఓలె సన్నేసీ!"

"హాహ," అంది స్తంభం.

"మళ్లీ ఎట్టీసినావు గదే! సిగ్గు నేదేటే నీకు? నా కళ్లకని మొక్కుకుని, ఏడాది తిరగకుండా మళ్లీ నోట్లో నిప్పెట్టీసినావా?"

"హిహహ."

"నవ్వుతన్నావేటే! గుడ్డిదాన్ని సేసి నవ్వుతన్నావేటి! ఇదిగో, ఇదే ఆకరు రావడం. మళ్లీ నీ మొకం సూడను. ఎలాగా కనపడదనుకో. నీ కేక కూడా ఇనను!"

సంతంతా వింది. ఎవరూ నవ్వలేదు. సన్యాసమ్మ కుండల మధ్యనుంచి లేచి నిలబడింది. పక్కనే లింగమూర్తి, చేతిలో రద్దు పుస్తకం. నోరు విప్పి ఒక్క సంరక్షిత మాట అంటే ఏడాది పాటు చోటు పోతుంది. చోటు పోతే గురువారం లేదు. కానీ అప్ప అప్పటికే వెనక్కి తిరిగింది. ఆటో వైపు కర్ర వేసింది.

"అప్పా!" అని అరిచింది సన్యాసమ్మ. "నానిక్కడున్నాను! అది నాను కాదు, అది మైకు పెట్టి! నాను సుట్ట ముట్టనేదే! ఇనుకో నా నాలిక: దాక! పిడత! గూన! మూకుడు!"

నలభై ఏళ్లలో ఆ మాటలు అంత శుభ్రంగా ఆ సంతలో ఎవరూ అనలేదు. లింగమూర్తి కలం తీశాడు. చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

అసిరమ్మ ఆగింది. ఒక చెవి స్తంభం వైపు, ఒక చెవి కుండల వైపు పెట్టింది. అటు 'హాహ', ఇటు 'దాక'. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి విన్నట్టే విన్నది.

"ఇదే పిల్లగుంట గొంతు," అంది. "ఇదే మా సన్నేసి. మరి అక్కడ పొగ తాగతన్నదెవుర్తే?"

"అదీ నానేనే అప్పా! నా గొప్ప! ఆ బాబు ఆహా అన్నాడని నోట్లో నిప్పుతోటే మూడొందలు మాటలు సెప్పీసినాను. సరిపోక తొమ్మిది కల్పించినాను కూడాను. కొరుంబీ నేదు, నా పిండాకూడూ నేదు!"

సంతలో మొదట నవ్వింది ఎర్రయ్య. తర్వాత చేపల వరస. తువ్వాళ్ల కింద ఉన్న చేతులన్నీ బయటికొచ్చి పొట్టలు పట్టుకున్నాయి. "ఓలమ్మ, మా గుంటకి బహుమతొచ్చినాది కొరుంబి మీద!" అని ఎవరో మొత్తుకున్నారు.

త్రివిక్రమరావు గారు స్తంభం దగ్గర్నుంచి వచ్చారు. చేతిలో ప్రసంగ పత్రాలు గాలికి రెపరెపలాడుతున్నాయి. "అపచారము! మహాపచారము! ఈ వ్యక్తి ప్రామాణిక ధ్వనిని అనుకరించుటకు యత్నించి విఫలమైనది! తక్షణమే నిలుపుదల చేయవలెను!" అని రెండు చేతులూ ఊపాడు.

అసిరమ్మ తల అటు తిప్పింది. కళ్లు చికిలించింది. "ఓలె సన్నేసీ," అంది మెల్లగా. "ఆ తెల్లగా ఊగతన్నదేటే?"

సన్యాసమ్మ కుండల మీంచి ముందుకి వంగింది. "ఏటి కనపడతన్నాదే నీకు?"

"తెల్లగా... పెద్దగా... కొంగలాగ రెక్కలు కొడతన్నాది."

"ఆపీసరే అప్పా! ఆపీసరు!" అని సన్యాసమ్మ కుండల మీంచి గెంతి పరిగెత్తింది. రెండు పిడతలు పగిలాయి. అన్నేళ్ల తర్వాత మా అసిరమ్మ కళ్లకి మొట్టమొదట కనబడింది ఆయన. అంచేత ఆయన్ని మరీ తిట్టబుద్ధి కాదు నాకు.

తర్వాత ఏమైందంటారా? తప్పు ఒప్పుకుని ఆఫీసు మూసేశారనుకుంటున్నారా? ఆఫీసు సంగతి మీకు తెలియదు. ప్రామాణిక ఉచ్చారణకి చుట్ట తప్పనిసరి అని తేలింది కాబట్టి, పరీక్షకి వచ్చే ప్రతివారికీ సంస్థే చుట్ట సరఫరా చేయాలనీ, సన్యాసమ్మ 'ప్రజాప్రయోజనార్థము ధూమపానము పునఃప్రారంభించవలె'ననీ త్రివిక్రమరావు గారు ఉత్తర్వు రాశారు. ఆరోగ్య శాఖ వారు ఒప్పుకోలేదు. చుట్ట అంటించకుండా పెట్టుకుంటే చాలదా అని వాళ్లు రాశారు. నిప్పు లేనిదే అంతర్బాష్పము లేదని వీళ్లు రాశారు. ఆ కాగితాలు ఇప్పటికీ రెండు ఆఫీసుల మధ్య తిరుగుతున్నాయి. అవి తిరిగినంత కాలం నిబంధన నిలుపుదల. మా సంత నోరు మళ్లీ తెరుచుకున్నది ఎవరి దయ వల్లా కాదు, ఆ కాగితాల కాళ్లు అరగనందువల్ల.

సన్యాసమ్మ మీద లింగమూర్తి ఏం రాశాడని అడిగితే, 'సదరు వ్యక్తి సంతలో పలికినవి సంరక్షిత పదములుగా యంత్రము గుర్తించలేదు, కావున నేరము లేదు' అని రాశాడట. రాసేసి, వచ్చే వారం వాళ్లమ్మ కోసం ఒక దాక కొనుక్కుని వెళ్లాడు. దాక అనే అడిగి కొన్నాడు.

స్తంభం మాత్రం అలాగే ఉంది. ప్రభుత్వపు సొమ్ము కదా, పీకకూడదు. గురువారం పొద్దున్నే హాహ అని మొదలుపెడుతుంది. సన్యాసమ్మ తన చోట ఒక పెద్ద గూనకి సున్నం పూసి బోర్లించింది, తెల్లగా కొంగలాగ కనబడేలాగ. అసిరమ్మ ఆటో దిగి ఆ తెలుపు కేసి నడిచొస్తుంది. చూపు ఇంకా అంతే. మొహాలు తెలియవు. మొక్కు తీరింది, చుట్ట తాగొచ్చు. "ఎట్టుకోవే, ఎన్నాళ్లు నోరు కట్టుకుంటావు," అని అప్పే అంది. కానీ నాలుక ఒకసారి అంగిలి రుచి మరిగింది, మళ్లీ నిప్పు చుట్టూ తప్పుకుని తిరగనంటోంది. అంచేత స్తంభం ఒకటి అంటే సన్యాసమ్మ రెండంటుంది. పాత సన్యాసమ్మకీ కొత్త సన్యాసమ్మకీ వారం వారం పోట్లాట. తెలియనివాళ్లు ఎవరికి పిచ్చి అనుకోవాలో తెలియక కుండ కొనుక్కుని వెళ్లిపోతారు.

నేను చెప్పేది ఇంతే. మీరు దీన్ని మర్చిపోకండి. ఇంటికెళ్లి మీ వాళ్లకి చెప్పండి, వాళ్లు ఇంకొకరికి చెబుతారు. నేను చెప్పినట్టే చెప్పాలని మాత్రం పంతం పట్టకండి. నా మూడు పళ్లలోంచి వచ్చింది మీ ముప్ఫైరెండు పళ్లలోంచి అలాగే ఎందుకొస్తుంది? మీ నోటికి ఎలా వస్తే అలా చెప్పండి. మధ్యలో ఎవరైనా కళ్లు మూసుకుని ఆహా అంటే మాత్రం అక్కడితో ఆపేయండి. ఆ తర్వాత వచ్చేవి మీ మాటలు కావు. నాకు తెలుసు కదా.

సరే, పొద్దెక్కింది, లేవండి. గూనకి సున్నం పుయ్యాలి. రేపు గురువారం.